నాస్టర్షియం: కుండీలో పొట్టిదా, గోడ మీంచి జారేదా, తాడెక్కేదా?

నాస్టర్షియం అనే పూలమొక్క గింజల ప్యాకెట్ వెనక్కి తిప్పితే చాలావాటి మీద "వసంతంలో, మంచు పూర్తిగా పోయాక నాటండి" అని ఉంటుంది. ఆ మాట చలి దేశాలకి. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో దాన్ని నమ్మి ఫిబ్రవరి చివర గింజ వేస్తే మొలుస్తుంది, పది ఆకులు వేస్తుంది, మొగ్గ తొడిగే వేళకి ఏప్రిల్ ఎండ తగిలి ఉడికిపోతుంది. తప్పు గింజదీ కాదు, వేసినవాళ్లదీ కాదు.

పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు కాబట్టి దీనికి 15 నుంచి 25 డిగ్రీల చల్లదనం కావాలి. 30 దాటిందంటే పూత తగ్గుతుంది. మన దగ్గర అలాంటి వాతావరణం నవంబరు నుంచి మార్చి మొదటి వారం దాకా, లెక్కేస్తే సుమారు 120 రోజులు. గింజ నుంచి మొదటి పువ్వుకి 50–60 రోజులు పోగా చేతికి మిగిలేది రెండు నెలలే. ఏ రకం కొనాలి, ఎక్కడ పెట్టాలి అన్నవన్నీ ఆ రెండు నెలల్ని బట్టి తేల్చుకోవాల్సినవే.

గింజ వేసే రోజు

దసరా సెలవుల్లో కుండీలు కదపడం చాలా ఇళ్లలో అలవాటు. బంతికి, చామంతికి అది సరిపోతుంది గానీ దీనికి తొందరవుతుంది. అక్టోబరు రెండో వారం మన తీరానికి ఎలాంటిదో తెలిసిందే. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ రెండూ అక్టోబరు 12నే తీరం దాటాయి, 2018లో తిత్లీ 11న పలాస దగ్గర దాటింది. తుఫాను రాని ఏడాది కూడా ఆ నెలలో వాన, ఉక్క వదలవు. ఈ గింజ శనగగింజంత ఉంటుంది, పైతొక్క ముడతలుపడి బెండులా నీళ్లు పీలుస్తుంది. తడి ఆరని మట్టిలో ఉంటే మొలకెత్తకుండానే లోపలి పప్పు కుళ్లిపోతుంది. పన్నెండు రోజులైనా మొలక కనపడకపోతే ఒక గింజ తవ్వి వేళ్ల మధ్య నొక్కి చూడండి. గట్టిగా ఉంటే ఇంకో వారం ఆగొచ్చు. జిగురుగా నలిగిపోతే ఆ కుండీలో ఆశ వదులుకుని, మట్టి ఆరబెట్టి మళ్లీ వెయ్యాలి.

పైడితల్లమ్మ సిరిమానోత్సవం అయ్యాక కుండీలు కడిగి మట్టి కలుపుకోండి. గింజ మాత్రం నాగుల చవితికి అటూ ఇటూగా వెయ్యండి. ఆ పండగ ఏటా అక్టోబరు చివరి వారానికీ నవంబరు మూడో వారానికీ మధ్యనే పడుతుంది. అప్పుడు వేసినది సంక్రాంతికి పూతలో ఉంటుంది, అరసవిల్లి రథసప్తమి నాటికి నిండుగా ఉంటుంది. గింజలు ఎక్కువుంటే సగం అప్పుడు, మిగతా సగం ఇరవై రోజుల తర్వాత వెయ్యండి. ఒక విడత వానకి పోయినా రెండోది దక్కుతుంది. డిసెంబరు 15 దాటాక వేస్తే మొదటి పువ్వు ఫిబ్రవరి మధ్యకి గాని రాదు, ఆ తర్వాత మూడు వారాలకే ఎండలు. ఆ గింజల్ని డబ్బాలో దాచుకుని వచ్చే ఏడు వాడుకోవడం మేలు.

మూడు తీరుల మొక్క

దుకాణంలో ఎన్ని పేర్లున్నా పెరిగే తీరు మూడే.

పొట్టి రకాలు 20–30 సెంటీమీటర్ల ఎత్తులో గుబురుగా ఉంటాయి. తీగ సాగదు, ఊతం అక్కర్లేదు. టామ్ థంబ్, జ్యువెల్, ఎంప్రెస్ ఆఫ్ ఇండియా, అలాస్కా, వర్లీబర్డ్ ఈ కోవవి. మొదటిసారి వేసేవాళ్లకి మా సలహా కళ్లు మూసుకుని పొట్టిదే. మిగతా రెండింటికంటే తొందరగా పూతకి వస్తుంది, ఎండ ముదిరితే కుండీ ఎత్తి నీడలో పెట్టుకోవచ్చు. వీటిలో ఒక్కటే కొనాలంటే అలాస్కా. దాని ఆకు మీద సున్నం చిలికినట్టు తెల్లటి మచ్చలుంటాయి, పూత లేని రోజుల్లో కూడా కుండీ బోసిపోదు. వర్లీబర్డ్ పువ్వు వెనక తోకలాంటి తేనెగొట్టం ఉండదు, పువ్వు ఆకులపైకి లేచి ఆకాశం వైపు చూస్తుంది. నడిచే దారి పక్కన పైనుంచి చూసే చోట ఇది అందం. ఎంప్రెస్ ఆఫ్ ఇండియాకి ముదురు ఆకు, చిక్కటి ఎరుపు పువ్వు. ఫొటోలో గొప్పగా ఉంటుంది గానీ నీడగా ఉండే వరండాలో ఆ రంగు కలిసిపోయి కనపడదు, దానికి లేత రంగు గోడ వెనకాల ఉండాలి.

జారే రకాలు రెండు మూడు అడుగులు సాగుతాయి. గ్లీమ్ పేరుతో దొరికేవి ఇవే, పువ్వు కొంచెం ముద్దగా ఉంటుంది. డాబా పిట్టగోడ మీద, వేలాడే తొట్టెలో, మెట్ల పక్క గట్టు మీద పెడితే కిందికి జారుతూ పూస్తుంది. చిక్కల్లా గాలితోనే. కాడ నీరు నిండిన గొట్టంలా ఉండి పుటుక్కున విరుగుతుంది. సముద్రానికి దగ్గర ఊళ్లలో మేడ మీద, గాలి నేరుగా కొట్టే వైపు వేలాడదీస్తే నెల తిరిగేసరికి సగం తీగలు కింద పడి ఉంటాయి. తూర్పు వైపు బాల్కనీ ఉండి, గాలికి ఏదో ఒక అడ్డు ఉంటేనే ఇది ఎంచుకోండి.

పాకే రకాలు ఆరు నుంచి ఎనిమిది అడుగులు పోతాయని ప్యాకెట్ చెబుతుంది. జ్యువెల్ ఆఫ్ ఆఫ్రికా ఇందులో పేరున్నది. మన దగ్గర పూర్తి ఎత్తుకి చేరేలోపే చాలాసార్లు వేసవి వచ్చిపడుతుంది. అయినా దడి మీదికి ఎక్కించాలని సరదా ఉంటే, ఇది ఎలా ఎక్కుతుందో దగ్గర నుంచి చూడండి. బీర, కాకరలా నులితీగ ఉండదు. ఆకు కాడే వంగి, దొరికిన దాన్ని ఒక చుట్టు చుట్టుకుంటుంది. అంత చిన్న కాడ వెదురుబొంగుని చుట్టలేదు, నున్నటి ఇనుప గొట్టం మీద నిలవలేదు. పెన్సిల్ కంటే సన్నగా ఉన్నదే దానికి పనికొస్తుంది. మన సంతల్లో దొరికే గోగునార తాడు ఇందుకు చక్కగా సరిపోతుంది, గరుకుగా ఉంటుంది కాబట్టి కాడ జారదు. నాలుగంగుళాల ఎడంలో నిలువుగా తాళ్లు కట్టి, మొదటి అడుగు వరకు తీగని చేత్తో అల్లండి. తర్వాత కూడా వారానికోసారి దారి చూపిస్తూ ఉండాలి, వదిలేస్తే నేల మీదే పడి పాకుతుంది.

ప్యాకెట్ మీద "మిశ్రమం" అని తప్ప రకం పేరు లేకపోతే అందులో మూడూ కలిసి ఉండొచ్చు. అలాంటిది వేలాడే తొట్టెలో వెయ్యకండి.

నేలలోనా, కుండీలోనా

పెరడు ఉన్నవాళ్లకి నేలే తేలిక అనిపిస్తుంది. విజయనగరం వైపు ఎర్రనేల నీళ్లు ఇంకిస్తుంది, సారం తక్కువ, ఈ మొక్కకి అది వరమే. తీరం వైపు ఇసుకనేలలో కూడా వస్తుంది, నీళ్లు రోజూ పెట్టాలి. వరిపొలం పూడ్చి కట్టిన ఇళ్ల చుట్టూ ఉండే నల్లటి జిగటమట్టిలో మాత్రం వేళ్లకి గాలాడదు. అక్కడ ఆరంగుళాల ఎత్తు మడి కట్టుకోవాలి, లేదా కుండీకే వెళ్లాలి. నేలలో పొట్టి రకానికి మొక్కకీ మొక్కకీ 25 సెంటీమీటర్లు, పాకే రకానికి 45 వదలండి.

నేలకి ఒక శత్రువుంది, నత్త. లేత మొలక రాత్రికి రాత్రి మాయమై, పొద్దున మట్టి మీద వెండిగీతలా మెరుస్తూ జాడ కనిపిస్తే అదే. రాత్రి తొమ్మిదికి టార్చ్ పట్టుకుని ఏరెయ్యడం కంటే నమ్మకమైన మందు లేదు. మొక్కకి ఆరు ఆకులొచ్చేదాకా ఆ కాపలా తప్పదు. కుండీలో ఈ బాధ చాలా తక్కువ.

కుండీ అయితే పదంగుళాల మట్టికుండీకి పొట్టి మొక్కలు రెండు, పన్నెండంగుళాలకి మూడు. అంతకంటే ఎక్కువ పెడితే లోపల గాలాడక అడుగు ఆకులు పండిపోతాయి. నల్ల గ్రోబ్యాగు చవక, తేలిక, కానీ కాంక్రీటు డాబా మీద ఫిబ్రవరి మధ్యాహ్నం దాన్ని ముట్టుకుని చూడండి, లోపల వేళ్ల పరిస్థితి తెలుస్తుంది. గ్రోబ్యాగే వాడాలంటే కింద రెండు ఇటుకలు పెట్టండి, పడమటి వైపు అట్టముక్కో పాత గోనెసంచో అడ్డం కట్టండి. మట్టికుండీ నీళ్లు తొందరగా తాగుతుంది గానీ చల్లగా ఉంటుంది. ఈ మొక్కకి మట్టికుండీయే మేలు.

కడుపు మాడిస్తేనే పూస్తుంది

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడ. ప్రేమకొద్దీ గుప్పెడు గెత్తం (పశువుల ఎరువు), వారం వారం తెలగపిండి నీళ్లు, ఎవరో చెప్పారని చిటికెడు యూరియా వేస్తారు. ఆకులు అరచేయంత అవుతాయి, కాడలు బలిసి పక్క కుండీల్లోకి దూరతాయి, పువ్వు మాత్రం ఒకటో రెండో, అదీ ఆకుల కింద దాక్కుని. నత్రజని ఎక్కువైతే మొక్కకి పూసే అవసరం కనపడదు, ఆకే పెంచుకుంటూ పోతుంది.

మట్టి ఇలా కలపండి: ఎర్రమట్టి రెండు పాళ్లు, ఏటి ఇసుక ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు, బాగా మాగిన గెత్తం అర పాలు. అంతే, మళ్లీ ఎరువు వెయ్యక్కర్లేదు. నాగావళి ఇసుకైనా వంశధార ఇసుకైనా పర్వాలేదు, సముద్రపు ఇసుక మాత్రం వద్దు, ఉప్పు ఉంటుంది. ఉద్దానం వైపు కొబ్బరిపీచు పని జరిగే చోట పొట్టు సులభంగా దొరుకుతుంది గానీ, దాన్ని నేరుగా వాడితే అందులోని ఉప్పు మొలకని మాడుస్తుంది. రెండుసార్లు బకెట్ నీళ్లలో నానబెట్టి పిండాకే కలపండి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో ఆకు అంచులు గోధుమరంగుకి తిరిగి ఎండుతాయి. అలాంటిచోట మంచినీళ్లు కొంచెమైనా ఇవ్వగలిగిన రెండు కుండీలతో సరిపెట్టుకోండి.

పోయినేడు టమాటాకి వాడి వదిలేసిన కుండీమట్టి ఉందా? వేళ్లు ఏరి, రెండు రోజులు ఎండబెట్టి అందులోనే వెయ్యండి. కొత్త మట్టి కంటే అదే బాగా పూయిస్తుంది.

గింజా, నారా

కడియం నుంచి వచ్చే మొక్కల బళ్ల మీద శీతాకాలంలో పూలమొక్కలు వరసగా ఉంటాయి. పెటూనియా, డయాంథస్ లాంటివి మొక్కగా కొనడమే నయం, వాటి గింజలు ఇసుకరేణువులంత. నాస్టర్షియం మాత్రం గింజగానే కొనండి. దీని వేళ్లు సన్నగా, పెళుసుగా ఉంటాయి, కదిపితే వారం పదిరోజులు మొహం వేలాడేస్తుంది. మనకున్నదే రెండు నెలలు, అందులో పది రోజులు పోగొట్టుకోవడం ఎందుకు? తప్పక మొక్కే కొనాల్సివస్తే పువ్వున్నది వద్దు, నాలుగైదు ఆకులున్నది తీసుకుని, సంచిని నిలువుగా కోసి, మట్టిగడ్డ విడిపోకుండా సాయంత్రం పూట దించండి.

పేరుతో ఒక తిరకాసు ఉంది. వృక్షశాస్త్రంలో నాస్టర్షియం అన్నది నీళ్లలో పెరిగే వేరే ఆకుకూరకి పేరు, ఇంగ్లీషులో దాన్ని వాటర్‌క్రెస్ అంటారు. మన పూలమొక్క శాస్త్రనామం ట్రోపియోలం మేజస్. ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు ఈ రెండో పేరు చూసుకోండి. ప్యాకెట్ విప్పితే గసగసాల్లాంటి గింజలుంటే మీకొచ్చింది ఆ నీటి ఆకుకూర.

వేసే పద్ధతి: రాత్రి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పొద్దున తీసెయ్యండి. ఎనిమిది గంటలు చాలు, పన్నెండు దాటనివ్వద్దు. మట్టి ముందే తడిపి, ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల లోతులో, ఒక్కో చోట రెండేసి గింజలు పెట్టి కప్పండి. మొలవడానికి చీకటి కావాలి, పైపైన వదిలేస్తే రాదు. ఆ తర్వాత పైమట్టి ఆరితేనే నీళ్లు. ఏడు నుంచి పద్నాలుగు రోజుల్లో మొలుస్తుంది. రెండూ మొలిస్తే బలహీనమైనదాన్ని పీకకుండా కత్తెరతో మొదట్లో కత్తిరించండి, పీకితే పక్కదాని వేళ్లు కదులుతాయి.

నవంబరు నుంచి జనవరి దాకా అయిదారు గంటల ఎండ ఉండాలి. ఫిబ్రవరి వచ్చాక పదకొండు గంటల వరకే ఎండ పడే తూర్పు వైపుకి మార్చండి. నీళ్లు ఎప్పుడన్నది వేలే చెబుతుంది. అంగుళం లోతు దింపి తడి తగిలితే ఆ రోజుకి వద్దు. మధ్యాహ్నం ఆకులు వాలినంత మాత్రాన నీళ్లు పొయ్యకండి. సాయంత్రానికి వాటంతట అవే లేస్తే అది వేడికి వాలడం. లేవకపోతేనే దాహం.

పేనుబంక, దాని మందు

పేనుబంకకి ఈ మొక్కంటే మహా ఇష్టం. లేత చిగురు కింద, మొగ్గ మెడ దగ్గర నల్లగానో పచ్చగానో గుంపుగా చేరుతుంది, చీమలు వరసకట్టి ఎక్కడం కనిపిస్తే అది వచ్చేసినట్టే. కొందరు కూరగాయల్ని కాపాడటానికి దీన్ని ఎరగా పెడతారు. ఆలోచన మంచిదే, కానీ చిక్కుడు పాదు మొదట్లోనే నాటితే పురుగుని ఇంటికి పిలిచి భోజనం పెట్టినట్టు. నాలుగైదు అడుగుల దూరంలో పెట్టి, బంక పట్టిన కొమ్మని ఎప్పటికప్పుడు తుంచి సబ్బునీళ్లలో ముంచే ఓపిక ఉంటేనే ఎర పనిచేస్తుంది.

వేపనూనె కొట్టినా పోలేదన్న ఫిర్యాదుకి కారణం ఆకులోనే ఉంది. ఈ ఆకు చిన్న తామరాకులా ఉంటుంది, కాడ అంచుకి కాకుండా నడిమికి అతుక్కుని ఉంటుంది. ఒక నీటిబొట్టు వేసి చూడండి, ముత్యంలా దొర్లి కిందికి జారుతుంది, ఆకు తడవదు. మీరు కొట్టిన మందూ అంతే, నేలపాలు. అందుకే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనెతో పాటు 2–3 మిల్లీలీటర్ల గిన్నెలు తోమే ద్రవసబ్బు కలిపి, బాగా గిలకొట్టి, సాయంత్రం ఆకు అడుగున తగిలేలా కొట్టాలి. అయిదు రోజులకి మళ్లీ ఒకసారి. తక్కువ బంకకైతే ఇదంతా అక్కర్లేదు, పొద్దున నీటి పైపు ధారతో కడిగేస్తే చాలు.

ఆకు మీద తెల్లటి వంకర గీతలు పాము పాకినట్టుంటే ఆకుతొలిచే పురుగు. అది ఆకు పొరల మధ్య ఉంటుంది, పైన కొట్టే మందు అందదు. ఆ ఆకులు తుంచి పారేయండి. పువ్వులు ఆకుల కింద ఉండిపోతుంటే పెద్ద ఆకులు నాలుగైదు తీసెయ్యండి, మొక్కకి నొప్పి లేదు. వాడిన పువ్వుల్ని మూడు రోజులకోసారి గిల్లేస్తే పూత ఇంకొన్నాళ్లు సాగుతుంది, ఎందుకంటే కాయ కట్టిందంటే దాని పని అయిపోయిందనుకుంటుంది.

తినడానికా, చూడటానికా

పువ్వు, ఆకు, పచ్చికాయ మూడూ తినొచ్చు. నమిలితే ముందు పచ్చిగా, తర్వాత ముక్కుకెక్కే ఆవఘాటు. ఆవాల కుటుంబానికి దూరపు చుట్టం ఇది, ఆ ఘాటుకి మూలమూ అలాంటిదే. పనసపొట్టుకి ఆవ పెట్టుకుని తినే మన నోటికి ఇది కొత్తగా ఏమీ అనిపించదు. నాలుగైదు లేత ఆకులు సన్నగా తరిగి పెరుగుపచ్చడిలో చివర కలపండి. వేడి తగిలితే ఘాటు పోతుంది, కాబట్టి పోపులో వెయ్యకండి. పువ్వు వెనక తోకలో చీమ ఉంటుంది, విదిల్చి చూసుకోండి.

తినే ఉద్దేశం ఉంటే బజారులో కొన్న మొక్క పూలు ముట్టొద్దు, దాని మీద ఏం కొట్టారో తెలీదు. ప్యాకెట్ గింజలకి శిలీంధ్రనాశిని పూత ఉండొచ్చు, అవి నాటడానికే. కడుపులో పుండు ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరుని అడక్కుండా తినకూడదు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఊళ్లలో ఈ మాట గట్టిగా చెప్పాలి.

ఇది వద్దు అనుకోవాల్సిన చోట

ఏడాదంతా దడి నిండి ఉండాలంటే శంఖుపూల తీగ వేసుకోండి. ఏప్రిల్, మే ఎండలో డాబా మీద రంగు కావాలంటే గడ్డిగులాబీ. పూజకి రోజూ బుట్టెడు పూలు కావాలంటే బంతి, దీని పువ్వు దండకి ఆగదు, కోసిన గంటకే వాడుతుంది. వేలాడే తొట్టెకి పెటూనియా, నాస్టర్షియం రెండిటి మధ్య ఊగుతుంటే: రోజూ నీళ్లు, పదిరోజులకోసారి ఎరువు వెయ్యగలిగితే పెటూనియా ఎక్కువ పూస్తుంది. వారం ఊరెళ్లి వచ్చే ఇల్లయితే రెండూ దక్కవు. ఎరువు మర్చిపోయే ఇల్లయితే నాస్టర్షియం.

ఫిబ్రవరి రెండో వారం నుంచి పువ్వులు గిల్లడం మానేసి కాయ కట్టనివ్వండి. ఒక్కో పువ్వుకి మూడేసి గింజలు అతుక్కుని వస్తాయి. లేతగా, పచ్చగా ఉన్నప్పుడు కోస్తే మొలవవు. లేత గోధుమరంగుకి తిరిగి, ముట్టుకోగానే రాలేవి తీసుకోండి. సగం కుండీ అడుగునే రాలి ఉంటాయి, అక్కడా వెతకండి. నీడలో పదిరోజులు ఆరబెట్టి, మూత గట్టిగా పట్టే సీసాలో, వేయించి చల్లార్చిన బియ్యం గుప్పెడు గుడ్డలో మూటకట్టి వేసి, సీసా మీద నెల, రకం రాసి పెట్టండి. తీరపు తేమలో కాగితం పొట్లంలో దాచిన గింజకి వానాకాలంలోనే బూజు పట్టేస్తుంది.